పెళ్లి పనులన్నీ ఒకే షీట్‌లో: తేదీ ఖాయమైన రోజు నుంచి చివరి చెల్లింపు దాకా

పెళ్లి తేదీ ఖాయమైన కొద్ది రోజులకే వివరాలు తలో చోటికి చేరిపోవడం మొదలవుతుంది. పిలవవలసిన వారి పేర్లు ఒక నోట్‌బుక్‌లోనూ, హాలు వారితో మాట్లాడుకున్న మొత్తం ఒకరి ఫోన్‌లోనూ, అడ్వాన్స్ రసీదు మరొకరి వాట్సాప్‌లోనూ ఉండిపోతాయి; ఎవరు ఏ పని చూస్తున్నారన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. చివరి వారాల్లో ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టేది పనుల భారం కంటే ఈ గందరగోళమే. భోజనాల వారికి ఒకరు మూడు వందల మంది అని, ఇంకొకరు మూడు వందల యాభై మంది అని చెప్పారంటే కారణం నిర్లక్ష్యం కాదు, ఒకే లెక్క రెండు చోట్ల ఉండటం. అందుకే ఈ వ్యాసంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే సూత్రాన్ని పట్టుకుని వెళ్దాం: ప్రతి వివరమూ ఒక్కచోటే ఉండాలి, ఆ చోటు ఏదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఆ చోటుగా నేను సూచించేది గూగుల్ షీట్స్, అంటే ఆన్‌లైన్‌లో గళ్ల పట్టికలు తయారు చేసుకునే సాధనం. పెళ్లిళ్ల కోసమే తయారైన యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని చూడటానికి ముచ్చటగానూ ఉంటాయి. అయితే వాటిలోని విభాగాలు ఎవరో ముందే ఊహించి పెట్టినవి. మీ ఇంటి పద్ధతికి తగ్గట్టు ఒక కాలమ్ చేర్చాలన్నా, ఒకటి తీసేయాలన్నా అన్నిసార్లూ కుదరదు. 2006 నుంచి ఉన్న గూగుల్ షీట్స్‌కు గూగుల్ అకౌంట్ ఉంటే చాలు, డబ్బు కట్టనక్కరలేదు. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పనిచేస్తుంది, నలుగురు ఒకేసారి రాసినా ఒకరి మార్పు మరొకరికి వెంటనే కనిపిస్తుంది. మీకు ఎక్సెల్ అలవాటుంటే దాని ఆన్‌లైన్ రూపంలోనూ ఇవన్నీ చేసుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఒక్కటే ఎంచుకోండి, మధ్యలో మార్చకండి.

మొదటి అడుగు: ఫైల్ తెరిచి తేదీ సరిచూడండి

ఫైల్‌ను ఎవరి అకౌంట్‌లో తెరవాలో ముందు నిర్ణయించుకోండి. వధూవరుల్లో ఒకరి అకౌంట్ అయితే మంచిది, ఎందుకంటే పెళ్లి అయిన తరువాత కూడా ఈ వివరాలు అవసరమయ్యేది వారికే. సాధ్యమైతే పట్టిక మొదటి నిర్మాణమంతా కంప్యూటర్‌లో చేయండి. తరువాత గళ్లు నింపడానికి ఫోన్ సరిపోతుంది.

ఏమీ రాయకముందే ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌కు వెళ్లి, లొకేల్ అన్న చోట మీ దేశం, దాని కింద మీ టైమ్ జోన్ ఉన్నాయో లేదో చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీని వల్ల వచ్చే పొరపాటు పెద్దది. లొకేల్ అమెరికాదిగా ఉంటే, మీరు మే 4 అనే ఉద్దేశంతో 4/5 అని రాసినా షీట్ దానిని ఏప్రిల్ 5గా తీసుకుంటుంది. గడిలో కనిపించేది మీరు రాసినదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, తేదీల వారీగా వరుస పెట్టినప్పుడు మాత్రం పనులన్నీ తారుమారు అవుతాయి. లొకేల్ సరిచేశాక కూడా ఫార్మాట్ మెనూలో నెల పేరు అక్షరాల్లో కనిపించే తేదీ రూపాన్ని ఎంచుకుంటే చదివేవారికి సందేహమే ఉండదు.

తరువాత ఐదు ట్యాబ్‌లు, అంటే అదే ఫైల్‌లో ఐదు విడి పేజీలు పెట్టండి: ముఖ్యాంశాలు, అతిథులు, ఖర్చు, పనులు, పెళ్లి రోజు. ఇంతకు మించి పెంచవద్దని నా సలహా. బట్టలకు ఒకటి, అలంకరణకు ఒకటి, వాహనాలకు ఒకటి అంటూ ట్యాబ్‌లు పెంచుకుంటూ పోతే, ఒకే చెల్లింపు రెండు ట్యాబ్‌లలో చేరి మొదటి సమస్య మళ్లీ తిరిగి వస్తుంది. బట్టల ఖర్చు ఖర్చులోకి, బట్టలు తెచ్చే పని పనుల్లోకి వెళ్తుంది. దానికి వేరే ఇల్లు అక్కరలేదు.

ముఖ్యాంశాల ట్యాబ్‌లో పెళ్లి తేదీ, వేదిక, ఇరువైపులా బాధ్యులు, మొత్తం అంచనా ఖర్చు, ఇప్పటిదాకా చెల్లించినది, వస్తామన్న అతిథుల సంఖ్య మాత్రమే ఉంటాయి. చివరి మూడింటినీ చేత్తో రాయకండి, మిగతా ట్యాబ్‌ల నుంచి సూత్రాల (ఫార్ములాల) ద్వారా వచ్చేలా పెట్టండి. ఎవరు ఎప్పుడు తెరిచినా మొదట చూడవలసింది ఈ పేజీనే.

రెండో అడుగు: అతిథుల జాబితా

ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ తేడాలు వచ్చేదీ ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా కట్టుకోవాలి. మొదట తేల్చుకోవలసిన ప్రశ్న: ఒక వరుసలో ఒక మనిషి పేరు ఉండాలా, ఒక కుటుంబం ఉండాలా? కుటుంబానికి ఒక వరుస పెట్టడమే మేలని నా అభిప్రాయం. శుభలేఖ వెళ్లేది ఇంటికి, ఫోన్ చేసేది ఇంటిపెద్దకు, కానీ భోజనాల లెక్క మనుషులది. అందుకని వరుస కుటుంబానిదిగా ఉంచి, మనుషుల సంఖ్యను కాలమ్‌లలో రాస్తే రెండు అవసరాలూ తీరుతాయి.

కాలమ్‌లు ఈ క్రమంలో పెట్టుకోండి: ఇంటిపెద్ద పేరు, ఎవరి తరఫు, ఫోన్ నంబరు, చిరునామా, పిలిచిన పెద్దల సంఖ్య, పిలిచిన పిల్లల సంఖ్య, శుభలేఖ అందిందా, జవాబు, వస్తున్నవారి సంఖ్య, బస కావాలా, గమనిక. వేడుకలు ఒకటికి మించి ఉంటే, వస్తున్నవారి సంఖ్య కాలమ్‌ను వేడుకకు ఒకటి చొప్పున పెట్టండి. వాటిలో టిక్ పెట్టవద్దు, అంకె రాయండి. ఒకే ఇంటి నుంచి ఒక వేడుకకు ఇద్దరు, మరో వేడుకకు ఐదుగురు రావడం మామూలే. టిక్ పెడితే ఆ తేడా పోతుంది, అంకె రాస్తే కింద సమ్ సూత్రంతో ఏ వేడుకకు ఎంతమందో క్షణంలో తెలుస్తుంది.

ఒక వరుస ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. వరుడి తరఫు కుటుంబం ఒకటి, పిలిచిన పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు. శుభలేఖ గడిలో టిక్ ఉంది. జవాబు గడిలో ‘వస్తున్నారు’ అని, మొదటి వేడుకకు 2 అని, పెళ్లికి 5 అని ఉంది. బస గడిలో ‘2 గదులు’ అని కాక 2 అని మాత్రమే ఉంది, గమనికలో ‘ఒక పెద్దాయనకు మెట్లు ఎక్కడం కష్టం, కింది గది’ అని ఉంది. బస గడిలో మాటలు కలిపి రాసి ఉంటే గదుల మొత్తం కూడబోయినప్పుడు ఆ గడి లెక్కలోకే రాదు. అంకె ఉండవలసిన చోట అంకె మాత్రమే ఉండాలి, చెప్పవలసిన మాట ఏదైనా గమనికలోకి వెళ్లాలి.

జవాబు కాలమ్‌కు ఇన్సర్ట్ మెనూ నుంచి డ్రాప్‌డౌన్, అంటే ముందే ఇచ్చిన మాటల్లోంచి ఒకటి ఎంచుకునే జాబితా పెట్టండి. అందులో నాలుగే మాటలు ఉంచండి: అడగలేదు, చెప్తామన్నారు, వస్తున్నారు, రావడం లేదు. స్వేచ్ఛగా రాయనిస్తే ఒకరు ‘వస్తారు’ అని, ఒకరు ‘సరే అన్నారు’ అని, ఇంకొకరు ‘ఓకే’ అని రాస్తారు. ఒక మాట ఎన్ని గళ్లలో ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ సూత్రానికి అవి మూడు వేర్వేరు జవాబులు. ‘చెప్తామన్నారు’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే మళ్లీ ఫోన్ చేయవలసిన వారు ఎవరో చూపించేది అదే.

ఫోన్ నంబర్లు ఎక్కించే ముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, ఫార్మాట్ మెనూలో నంబర్ కింద ప్లెయిన్ టెక్స్ట్ చేయండి. లేకపోతే షీట్ వాటిని లెక్కగా భావించి ముందున్న సున్నానూ ప్లస్ గుర్తునూ తీసేస్తుంది. నంబర్ల మధ్య ఖాళీలు, గీతలు లేకుండా రాయాలని అందరికీ చెప్పండి. దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. ఇరు కుటుంబాలూ పేర్లు ఎక్కించేటప్పుడు ఒకే ఇల్లు రెండుసార్లు చేరడం సహజం; పేరును ఒకరు ఇంటిపేరుతోనూ మరొకరు ముద్దుపేరుతోనూ రాస్తారు కాబట్టి పేర్లను బట్టి పట్టుకోలేం, నంబరుతో పట్టుకోవచ్చు. షరతును బట్టి గడి రంగు మార్చే కండిషనల్ ఫార్మాటింగ్ ఫార్మాట్ మెనూలో ఉంటుంది; అందులో కస్టమ్ ఫార్ములా ఎంచుకుని, ఆ నంబరు కాలమ్‌లో ఒకటి కంటే ఎక్కువసార్లు ఉంటే గడి రంగు మారాలని కౌంట్‌ఇఫ్‌తో రాస్తే, రెండోసారి ఎక్కించిన మరుక్షణమే ఆ రెండు గళ్లూ రంగు మారతాయి. డూప్లికేట్లను తీసేసే ఆప్షన్ డేటా మెనూలో ఉంది కానీ దాన్ని వాడకండి. ఏ వరుసలో సరైన సంఖ్య ఉందో దానికి తెలియదు, మీరే చూసి తీయాలి.

జవాబులు గూగుల్ ఫామ్ ద్వారా తీసుకోవచ్చు. ఫామ్‌ను ఇదే ఫైల్‌కు కలిపితే జవాబులు కొత్త ట్యాబ్‌లోకి వచ్చి చేరతాయి. కానీ ఆ ట్యాబ్‌లోని సంఖ్యలను నేరుగా లెక్కించకండి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు నింపవచ్చు, ఒకరే రెండుసార్లు నింపవచ్చు. ఫామ్‌లో వచ్చినదాన్ని చూసి అతిథుల ట్యాబ్‌లోని వరుసలో మీరే రాసుకోండి. లెక్క ఎప్పుడూ ఆ ట్యాబ్‌దే. పైగా పెద్దవారిలో చాలామంది ఫామ్ నింపరు, వారికి ఫోన్ చేసి ఆప్యాయంగా అడగడమే మర్యాద.

మూడో అడుగు: ఖర్చు

ఒప్పుకున్న ప్రతి సేవకూ ఒక వరుస ఉండాలి. అంచనా మొత్తం, మాట్లాడుకున్న మొత్తం, చెల్లించినది, బాకీ, తరువాతి చెల్లింపు తేదీ, ఎవరు చెల్లిస్తున్నారు, రసీదు లింకు. అంచనా, మాట్లాడుకున్నది అన్న రెండు కాలమ్‌లూ విడిగా ఉండటం ముఖ్యం. అసలు మొత్తం తెలియగానే అంచనాను చెరిపి దాని మీదే రాస్తే, మొదట ఎక్కడ తక్కువ అనుకున్నారో, ఎక్కడ చేయి దాటుతోందో ఎప్పటికీ తెలియదు. బాకీ గడి మాత్రం ఎవరూ చేత్తో రాయకూడదు. అది మాట్లాడుకున్న మొత్తంలోంచి చెల్లించినది తీసేసే సూత్రంగా ఉండాలి.

చెల్లింపులు రెండు మూడు విడతల్లో జరుగుతాయి కాబట్టి ‘చెల్లించినది’ గడిలో పాత అంకెను చెరిపి కొత్త మొత్తం రాయడం ప్రమాదకరం. ఉదాహరణకు ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడుకున్న మొత్తాన్ని 100 భాగాలు అనుకోండి. బుక్ చేసిన రోజు 30 ఇచ్చారు, నెల ముందు 40 ఇచ్చారు. గడిలో 70 అని మాత్రమే ఉంటే, ఆ నలభై ఎవరు ఏ రోజున ఇచ్చారన్న ప్రశ్న వచ్చినప్పుడు జవాబుండదు. అదే ట్యాబ్‌లో కుడివైపు కొంచెం ఎడంగా చెల్లింపుల పట్టిక ఒకటి పెట్టండి: తేదీ, ఎవరికి, ఎంత, ఎవరు ఇచ్చారు, నగదా బదిలీయా. ప్రతి విడతా అక్కడ కొత్త వరుస. ‘చెల్లించినది’ గడిలో సమ్‌ఇఫ్ పెడితే, ఆ సేవ పేరుతో ఉన్న విడతలన్నీ తానే కూడుకుంటుంది. పేర్లు రెండు పట్టికల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి కనుక, ‘ఎవరికి’ అన్న కాలమ్‌కు కూడా డ్రాప్‌డౌన్ పెట్టి మొదటి పట్టికలోని పేర్లే అందులో కనిపించేలా చేయండి.

రసీదులను ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంచి, లింకును గడిలో పెట్టండి. మాటల మీద కుదిరిన ఒప్పందమైతే, అవతలివారు ఏమేమి ఇస్తామన్నారో మెసేజ్‌గా రాయించుకుని ఆ స్క్రీన్‌షాట్ పెట్టండి. చివరగా ‘అనుకోనివి’ అన్న పేరుతో ఒక వరుస తెరిచి మొత్తం అంచనాలో పదో వంతు దాకా అక్కడ కేటాయించండి. ఆ వరుస లేని బడ్జెట్‌లో ఏ చిన్న ఖర్చు పెరిగినా ఇంట్లో మాట పట్టింపులకు దారి తీస్తుంది.

నాలుగో అడుగు: పనులు

పని, బాధ్యులు, గడువు, స్థితి: ఈ నాలుగు కాలమ్‌లు చాలు. బాధ్యుల గడిలో ఒక్క పేరే ఉండాలి. ‘అందరం’ అని గానీ ‘అబ్బాయి వాళ్లు’ అని గానీ రాసిన పనిని ఎవరూ చేయరు. పనిని కూడా చేసి చూపించగలిగేలా రాయండి. ‘అలంకరణ’ అన్నది పని కాదు, ‘అలంకరణ వారికి హాలు కొలతలు పంపడం’ పని.

గడువులను చేత్తో రాయకుండా పెళ్లి తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. గడిలో సమాన గుర్తు పెట్టి, ముఖ్యాంశాల ట్యాబ్‌లోని పెళ్లి తేదీ గడిని నొక్కి, మైనస్ 60 అని రాస్తే సరిగ్గా అరవై రోజుల ముందు తేదీ వస్తుంది. ఆ సూత్రాన్ని కిందికి లాగే ముందు గడి పేరులోని అక్షరానికీ అంకెకూ ముందు డాలర్ గుర్తు పెట్టడం మరవకండి. కంప్యూటర్‌లో ఎఫ్4 నొక్కితే అదే పడుతుంది. లేకపోతే రెండో వరుస పెళ్లి తేదీని వదిలి దాని కింది గడిని చూడటం మొదలుపెడుతుంది. ఏ కారణం చేతనైనా పెళ్లి తేదీ మారితే ఒక్క గడి మారిస్తే చాలు, గడువులన్నీ తమంతట తామే జరుగుతాయి. అయితే ఖర్చు ట్యాబ్‌లోని చెల్లింపు తేదీలకు ఈ పద్ధతి పనికిరాదు. అవి అవతలివారితో ఒప్పుకున్నవి, మన షీట్‌లో తేదీ మారినంత మాత్రాన మారవు. వాటిని చేత్తోనే రాయాలి, మారితే అడిగి మార్చాలి.

గడువు దాటినా పూర్తి కాని పనులకు ఎరుపు, వారం లోపు గడువున్న వాటికి పసుపు వచ్చేలా ఆ రోజు తేదీని ఇచ్చే టుడే సూత్రంతో కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. మూడో రంగు వద్దు, అన్నింటికీ రంగులు పూస్తే దేనినీ కన్ను పట్టించుకోదు.

ఐదో అడుగు: ఎవరు చూడాలి, ఎవరు రాయాలి

షేర్ నొక్కినప్పుడు వ్యూయర్, కామెంటర్, ఎడిటర్ అని మూడు హోదాలు కనిపిస్తాయి. రాసే అధికారం వధూవరులతో పాటు ఇరువైపులా ఒక్కొక్కరికే ఇవ్వండి, మిగతా వారిని కామెంటర్లుగా ఉంచండి. షీట్ వాడటం రాని పెద్దవారు ఫోన్‌లో చెప్పినదాన్ని వారి తరఫు బాధ్యులు అప్పటికప్పుడే ఎక్కించాలి. వాట్సాప్ గ్రూప్‌లో ఎంత చర్చైనా జరగనివ్వండి, కానీ నిర్ణయం షీట్‌లోకి వచ్చేదాకా అది ఖాయం కానట్టే అని అందరూ ఒప్పుకోవాలి. ఈ ఒక్క ఒప్పందం కుదరకపోతే పైన చెప్పిన ఏర్పాట్లేవీ నిలవవు.

లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు అన్న ఎంపికను మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మీ షీట్‌లో ఉన్నవి మీ వివరాలు మాత్రమే కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చిన వందల మంది ఫోన్ నంబర్లు, చిరునామాలు. ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చి ఇవ్వండి. బ్యాంకు ఖాతా, కార్డు నంబర్లు, గుర్తింపు కార్డుల కాపీలు ఇందులో పెట్టకండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు: చూసే అనుమతి ఫైల్ మొత్తానికి ఉంటుంది, ఒక్క ట్యాబ్‌కు ఇవ్వడం కుదరదు. ట్యాబ్‌ను దాచినంత మాత్రాన రక్షణ లేదు, ఫైల్‌ను కాపీ చేసుకున్నవారు దాచిన ట్యాబ్‌నూ తెరవగలరు. కాబట్టి భోజనాల వారికీ డ్రైవర్‌కూ లింకు ఇవ్వకుండా, వారికి కావలసిన పేజీని పీడీఎఫ్‌గా పంపండి. ఖర్చు వివరాలు ఇరు కుటుంబాలకూ కనిపించడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క ట్యాబ్‌ను వేరే ఫైల్‌గా పెట్టుకోవడం తప్పు కాదు. ఒకే చోటు అన్న నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు అదొక్కటే.

సూత్రాలున్న గళ్లను డేటా మెనూలోని ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్‌తో కాపాడండి. పేర్లను అక్షర క్రమంలో పెట్టేటప్పుడు ఒక్క కాలమ్‌నే ఎంచుకుని సార్ట్ చేస్తే పేర్లు కదిలి నంబర్లు అక్కడే ఉండిపోతాయి, అంటే ఒకరి పేరు పక్కన మరొకరి ఫోన్ నంబరు వచ్చి కూర్చుంటుంది. ఎవరికి వారు తమకు కావలసినట్టు చూసుకోవడానికి ఫిల్టర్ వ్యూ వాడితే ఇతరుల తెర మీద ఏమీ మారదు. అయినా ఏదైనా చెడితే కంగారు పడవద్దు. ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీలో పాత రూపాలు తేదీ, సమయంతో సహా ఉంటాయి, కావలసినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. శుభలేఖలు ప్రింటుకు వెళ్లే ముందు, భోజనాల సంఖ్య చెప్పే ముందు అప్పటి రూపానికి ఒక పేరు పెట్టి ఉంచుకోండి.

వారానికి ఒకసారి, అందరికీ కుదిరే ఒకే సమయంలో అరగంట కూర్చోండి. ఎరుపు వరుసలు, ఆ వారం చెల్లింపులు, ‘చెప్తామన్నారు’ అన్న అతిథులు: ఈ మూడే చూడండి. మిగతా ముచ్చట్లకు వేరే సమయం ఉంది.

పెళ్లి రోజు ట్యాబ్

దీన్ని పది పదిహేను రోజుల ముందు మొదలుపెట్టవచ్చు. సమయం, జరగవలసింది, చోటు, బాధ్యులు, వారి ఫోన్ నంబరు. ముహూర్తం వంటి మార్చలేని సమయాలను ముందు రాసి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ తయారు కావడానికి, ప్రయాణానికి ఎంత పడుతుందో రాయండి. ఉదయం నుంచి ముందుకు లెక్కిస్తే ఎప్పుడూ సమయం చాలదు. ప్రతి రెండు మూడు పనుల మధ్య కొంత ఖాళీ వదలండి. బాధ్యుల కాలమ్‌లో వధూవరుల పేర్లు, వారి తల్లిదండ్రుల పేర్లు ఉండకూడదు. ఆ రోజు వారు పనులు చూసేవారు కారు, పెళ్లి చేసుకునేవారు, పెళ్లి జరిపించేవారు.

ముందు రోజు సాయంత్రం ఈ పేజీని కాగితాల మీద ప్రింటు తీసి బాధ్యులందరికీ ఇవ్వండి. షీట్‌ను ఫోన్లలో ఆఫ్‌లైన్‌లో తెరుచుకునేలా పెట్టుకోవచ్చు, పెట్టుకోండి కూడా. కానీ జనం నిండిన హాలులో సిగ్నల్ ఉండకపోవచ్చు, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోవచ్చు. జేబులోని కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

పెళ్లి తరువాత

అతిథుల ట్యాబ్‌లో ‘కానుక’, ‘కృతజ్ఞత చెప్పామా’ అని రెండు కాలమ్‌లు చేర్చి, కవర్లు తెరిచేటప్పుడే ఒకరు చదువుతుంటే మరొకరు ఎక్కించండి. ఆ తరువాత ఖర్చు ట్యాబ్‌లో బాకీ సున్నా కాని వరుసలన్నీ చూసి, ఇవ్వవలసినవి ఇచ్చేసి, వెనక్కి రావలసిన డిపాజిట్లు ఏవైనా ఉంటే అడిగి తీసుకోండి. ఫొటోలు, వీడియోలు చేతికి వచ్చేదాకా పనుల ట్యాబ్‌లో వాటి వరుసను ‘పూర్తయింది’ అని మార్చకండి. అన్నీ ముగిశాక షేర్‌లోకి వెళ్లి వధూవరులవి తప్ప మిగతా అనుమతులన్నీ తీసేయండి, ఫామ్ ఉంటే దానిలో జవాబులు స్వీకరించడం ఆపండి, ఫైల్‌ను ఒకసారి కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసి రసీదుల ఫోల్డర్ పక్కనే భద్రపరచండి.